మైకు బాబాయి మాట్లాడని సాయంత్రం

మైకు బాబాయి నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు. రైల్వే స్టేషన్లో బళ్ళ రాకపోకలు చెప్పే ఉద్యోగం ఆయనది. రిటైరయ్యేదాకా ఊళ్ళోవాళ్ళలో సగంమంది ఆయన మొహం చూడకుండానే ఆయన గొంతు వింటూ పెరిగారు. ఏ బండి ఎంత ఆలస్యమో, ఎవరు ఏ ప్లాట్‌ఫారానికి పరిగెత్తాలో ఆ గొంతే చెప్పేది. ఉద్యోగం మానేశాక కూడా, కూరల కొట్లో నిలబడి ఆయన అరకిలో ఉల్లిపాయలు అడిగితే వెనకున్నవాళ్ళు తెలియకుండానే సంచులు భుజానికి ఎత్తుకునేవారు, బండి వచ్చేస్తోందేమోనన్నట్టు.

అలాంటి మనిషికి వైన్ పిచ్చి పట్టుకోవడం కూడా స్టేషన్లోనే జరిగింది. ఒకసారి సరుకుల గదిలో ఒక చెక్కపెట్టె జారిపడింది. పంపినవాళ్ళు మాకొద్దన్నారు, తీసుకోవాల్సినవాళ్ళు రానేలేదు. పగలకుండా మిగిలిన సీసాలు సిబ్బంది తలా ఒకటి ఇంటికి పట్టుకెళ్ళారు. బాబాయి తెచ్చిన సీసాని ఆయన భార్య వెనిగర్ పక్కన పెట్టి మర్చిపోయింది. బాబాయి మాత్రం రోజూ కాఫీ తాగుతూ దాని మీది చీటీ చదివేవాడు. తాగాలని కాదు, ఆ పేర్ల మీద మోజు కొద్దీ. ఊళ్ళ పేర్లంటే ఆయనకు మొదటినుంచీ ప్రాణం. అల్సాస్, బర్గండీ, రోన్, బోర్దో అని ఒకదాని వెనక ఒకటి పైకి అనుకుంటే ఆయనకి కొత్త రైలుమార్గం వేసినంత సంబరంగా ఉండేది. ఎక్కడో సంపాదించి ఫ్రాన్సు దేశపు రైల్వే పటం ఒకటి ముందుగదిలో అంటించాడు. ఆ దేశం మాత్రం ఎన్నడూ చూసినవాడు కాదు.

అక్కణ్ణించి వైన్ క్లబ్బు పుట్టింది. బాబాయి ఇంటి ముందుగదిలో పొడుగాటి బల్ల చుట్టూ నెలకో, రెండు నెలలకో చేరేవారు. చెవి ముక్కు గొంతు చూసే డాక్టరమ్మ, స్టేషన్ ఎదురుగా కొట్టు పెట్టుకున్న దర్జీ, హైస్కూలు లెక్కల మాస్టారు, ఇరుగుపొరుగువాళ్ళు ఇంకొందరు. ఏడాదికోసారి మాత్రం పెద్ద విందు జరిగేది. ఫ్రాన్సులో ఒక్కొక్క ప్రాంతం నుంచి ఒక్కొక్క వైన్, దానికి తగిన వంటకం. వంటంతా బాబాయి భార్యది. మాటలన్నీ బాబాయివి. "దయచేసి వినండి. అల్సాస్ నుంచి బయలుదేరిన రీస్లింగ్ మరికొద్ది క్షణాల్లో మీ గ్లాసుల్లోకి చేరుకుంటుంది" అని ఆయన మొదలుపెడితే నవ్వని వాళ్ళుండేవారు కాదు. ఆ నవ్వు ఆగాక అసలు ఉపన్యాసం మొదలయ్యేది. అక్కడి నేల, అక్కడి నది, అక్కడి వాన. ఈలోగా చల్లగా తాగాల్సిన వైన్ వేడెక్కేది, వేడిగా తినాల్సిన వంటకం చల్లబడేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అయినా ఎవరూ నొచ్చుకునేవారు కాదు. బాబాయి అంటే అందరికీ అంత ఇష్టం.

ఆ ఏడు పెద్ద విందు దగ్గరపడుతుండగా బాబాయి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. మిరియాల పాలతో తగ్గలేదు, ఉప్పునీళ్ళతో తగ్గలేదు. డాక్టరమ్మ లోపలికి అద్దం పెట్టి చూసి, స్వరతంత్రి మీద చిన్న కాయ లేచిందనీ, భయపడాల్సింది కాదనీ, తీసెయ్యాలనీ చెప్పింది. తీసేసింది కూడా. కానీ ఆ తరవాత చెప్పిన పథ్యం వినేసరికి బాబాయికి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. డాక్టరమ్మ సరేననేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదట. గుసగుసలు మరీ చెడ్డవట. పకపకా నవ్వకూడదట. వైన్ చుక్క కూడా లోపలికి పోకూడదట.

"వాసన చూసుకోండి బాబాయిగారూ, దానికి అడ్డులేదు" అంది డాక్టరమ్మ, జాలిపడి.

ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం కమ్ముకుంది. బాబాయి మెళ్ళో పలక కట్టుకుని తిరిగేవాడు. మాట్లాడినంత వేగంగా రాయబోయి బలపాలు విరగ్గొట్టేవాడు. విందు వాయిదా వేద్దామని రాశాడు. ఆయన భార్య ఒప్పుకోలేదు. సీసాలు వచ్చేశాయి, మాంసం కొట్టులో చెప్పేశాను, జనం ఏడాదంతా ఎదురుచూస్తారు, మీ గొంతు కోసం కాదు నా వంట కోసం, అని నవ్వింది.

అదే రోజు లెక్కల మాస్టారు ఫోన్ చేశాడు. అన్నయ్యకి ఒంట్లో బాగోలేదు కాబట్టి ఆ సాయంత్రం మాట్లాడే భారం తాను మోస్తానన్నాడు. క్లబ్బు మొత్తానికి ఫ్రాన్సు వెళ్ళొచ్చినవాడు మాస్టారొక్కడే. పర్యటన బస్సులో వారం రోజులు తిరిగొచ్చి, ఆ వారాన్ని కొన్నేళ్ళుగా నంజుకుంటున్నాడు. బాబాయి ఏ ఊరి పేరెత్తినా "నేను అక్కడికి వెళ్ళినప్పుడు" అని అందుకునేవాడు. ఫోన్ పెట్టేలోగా బాబాయి పలక నిండేంత అక్షరాలతో "వద్దు" అని రాసి భార్య మొహం ముందు పెట్టాడు.

"మరెవరు మాట్లాడతారు? నేనా?" అంది ఆమె, హాస్యానికి.

బాబాయి ఆమెని కాసేపు చూసి, పలక తుడిచి, "నువ్వే" అని రాశాడు.

ఆమె పడీపడీ నవ్వింది. కానీ మర్నాడు పొద్దున్న కూరలు తరుగుతూ, ముందు తెల్లది పొయ్యాలా ఎర్రదా అని అడిగింది. బాబాయి రాత్రంతా కూర్చుని రాసిన కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టాడు. ఆమె మొదటి కాగితం చదివి మిగతావి వెనక్కిచ్చేసింది.

"ఇవి చదివితే మీరు మాట్లాడినట్టుంటుంది. నా నోటికొచ్చింది నేను చెప్పుకుంటాలెండి. మీరు వడ్డించండి."

బాబాయి మనసు చివుక్కుమంది. తప్పులు చెప్తుందేమోనని ఒక బెంగ. చక్కగా చెప్తే తన అవసరం ఎవరికీ ఉండదేమోనని ఇంకో బెంగ. ఈ రెండోది ఆయన పలక మీద రాయలేదు.

ఆ సాయంత్రం అందరూ వచ్చారు. ఆమె బల్ల మొదట, ఎప్పుడూ బాబాయి కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోవడం అందరూ చూడటం అదే మొదలు. ఇన్నాళ్ళూ వంటింటి గుమ్మంలోంచి గిన్నె అందించి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయేది. బాబాయి ఆమె ఏప్రన్ కట్టుకుని, అల్సాస్ తెల్ల వైన్ పోస్తూ, ఉల్లిపాయల టార్ట్ ముక్కలు పళ్ళేల్లో పెడుతూ బల్ల చుట్టూ తిరిగాడు. పలచటి పిండిరొట్టె మీద బాగా మగ్గిన ఉల్లిపాయలూ మీగడా వేసి కాల్చిన టార్ట్ అది. పొయ్యి మీంచి దిగిన వేడి మీదే అందరి నోట్లోకీ వెళ్ళింది. ఆ క్లబ్బు చరిత్రలో అలా జరగడం మొదటిసారి.

ఆమె గ్లాసు పైకెత్తి చూసింది.

"ఇందులో తడిసిన రాయి వాసన వస్తుందని ఈయన ఏటా చెప్తారు. వంటింట్లోంచి విని విని నాకు కంఠతా వచ్చేసింది. నాకైతే ఒక్కసారీ ఆ వాసన తగల్లేదు. మీకెవరికైనా తగిలిందా?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి డాక్టరమ్మ ఒప్పేసుకుంది, తనకి నిమ్మకాయ తప్ప ఇంకేం తెలియలేదనీ, బాబాయిగారు నొచ్చుకుంటారని ఇన్నాళ్ళూ తలూపుతూ వచ్చాననీ. దాంతో గట్టు తెగినట్టయింది. నాకూ అంతే, నాకూ అంతే అని బల్లంతా నవ్వులు. బాబాయి గోడవారన కుక్కిన పేనులా నిలబడ్డాడు. అప్పుడు దర్జీ గొంతు సవరించుకున్నాడు. క్లబ్బు పెట్టిన దగ్గర్నుంచీ వస్తున్నవాడు, నోరు విప్పి ఒక్క మాటన్న పాపాన పోలేదు. తిండి కోసం వస్తాడని బాబాయి నమ్మకం.

"నాకు తగులుతుంది వదినా. అయితే రాయి కాదు. తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ఒక ఆవిరి లేస్తుంది చూడండి, అలాగ."

అందరూ గ్లాసుల్లో ముక్కులు పెట్టారు. బాబాయీ పెట్టాడు. అవునేమో అనిపించింది. తడిసిన రాయి అని తనకు ఎవరో రాసిన పుస్తకం చెప్పింది, తను వీళ్ళకి చెప్పాడు. అంతకు మించి ఆయనా ఎన్నడూ ఆ రాయిని వెతకలేదు. ఇక తలా ఒకటి అందుకున్నారు. ఒకరికి కొత్త గొడుగు వాసన, ఒకరికి చిన్నప్పటి పళ్ళపొడి వాసన. ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన లేదు. దర్జీ వరసగా మూడు మాటలు మాట్లాడి, తన ధైర్యానికి తనే జడిసి, రెండో ముక్క టార్ట్ పెట్టించుకున్నాడు.

రెండోది బర్గండీ ఎర్ర వైన్. ఆ సాయంత్రం పెద్దపీట దానిదే. దాని కోసం పుట్టగొడుగులు వేసి కోడిమాంసం ఉడికింది. బాబాయి వంటింట్లో సీసా బిరడా తీసి, కూరా వైనూ ఆత్రంగా వడ్డించేసి, తన వంతు గ్లాసు అప్పుడు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పళ్ళ వాసన లేదు, పూల వాసన లేదు. వాననీళ్ళలో నాని మూలపడ్డ అట్టపెట్టె వాసన. బిరడా చెడి సీసా పాడైంది. చెబుదామని తలెత్తేసరికి లెక్కల మాస్టారు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

"ఇదీ అసలైన బర్గండీ అంటే. అడవిలో రాలిన ఆకుల వాసన. నేను అక్కడికి వెళ్ళినప్పుడు సరిగ్గా ఇదే వాసన" అంటున్నాడు కళ్ళు మూసుకుని.

వడ్డనకి అడ్డమని మెళ్ళోంచి తీసిన పలక బాబాయికి కనబడలేదు. టార్ట్ పళ్ళేల కింద ఎక్కడో ఉండిపోయింది. ముక్కు మూసుకున్నాడు. చేతులతో గాల్లో పెట్టె బొమ్మ గీశాడు. వేళ్ళాడిస్తూ వాన కురిపించాడు. ఒకరు పార్సిల్ అన్నారు, ఒకరు తుఫాను అన్నారు. మూగవాడు కల చెప్పినట్టుంది వ్యవహారం. బాబాయి నోరు తెరవబోయాడు. డాక్టరమ్మ చూపుడువేలు పైకి లేచింది. ఆయన భార్య మాత్రం కదలకుండా ఆ చేతులకేసే చూస్తోంది.

"ఆగండి. అట్టపెట్టె. తడిసిన అట్టపెట్టె. బూజు," అంది నెమ్మదిగా. "పాడైపోయిందంటున్నారు. ఎవరూ తాగకండి."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఎన్నేళ్ళుగానో బాబాయి ఎదురుచూసిన క్షణం వెన్నముద్దలా చేతికందింది. మాటే ఉంటే ఆయన ఏమని ఉండేవాడో ఆయనకే తెలుసు. మాట లేదు. లేకపోయేసరికి ఆ ఎర్రబడ్డ చెవులు తప్ప ఆయనకింకేమీ కనబడలేదు. తన గ్లాసు మాస్టారి గ్లాసు పక్కన చేర్చి, రెండూ కలిపి పట్టుకుని వంటింట్లోకి నడిచాడు, ఇద్దరూ ఒకే తప్పు చేసినట్టు.

మాస్టారు సీసా పట్టుకుని వెనకాలే వచ్చాడు. బాబాయి గ్లాసులు తొట్టిలో వంపుతుంటే పక్కన నిలబడి గొంతు తగ్గించాడు.

"అన్నయ్యా, నీకు కాబట్టి చెప్తున్నాను. ఎలాగూ ఎవరికీ చెప్పలేవు కదా. బర్గండీలో మా బస్సు ఆగలేదు. ద్రాక్షతోటలు కిటికీలోంచే చూపించారు. నాకు ఆ వైపు సీటు కూడా దొరకలేదు."

బాబాయి అతనికేసి చూసి, భుజం మీద చెయ్యి వేశాడు. అన్నం తిన్నావా అని అడిగినట్టుంది ఆ చెయ్యి.

బల్ల మీద కోడిమాంసం ఉంది, దాని పక్కన పొయ్యడానికి వైన్ లేదు. ఆయన భార్యే లోపలికొచ్చి, పొయ్యి పక్క అలమరాలోంచి సగం వాడిన సీసా తీసింది. ఆ కూరలో పొయ్యడానికి తనే బజార్లో కొనుక్కున్న, బోజొలే అనే మామూలు ఎర్ర వైన్. వంటకి వాడేవి బల్ల మీదికి రాకూడదని బాబాయి నియమం. ఆమె ఆయన మొహం చూడను కూడా లేదు, తీసుకెళ్ళి తలా రెండు గుక్కలు పోసేసింది. కూరకీ దానికీ ఒకే తల్లి బిడ్డల్లా కుదిరింది. గిన్నె ఖాళీ అయింది.

మూడోది దక్షిణాది రోన్ లోయ నుంచి వచ్చిన ముదురు ఎర్ర వైన్. దానికి బీన్సు గింజలతో మెల్లగా ఉడికిన వేటమాంసం. బాబాయి వంటింట్లో ఆ బరువైన గిన్నె దింపుతూ వేలు కాల్చుకున్నాడు. నోరు మెదపకుండా నీళ్ళ కింద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. గోడ అవతల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఆమె ఇక్కడ నిలబడే తనను వినేదన్నమాట. ముందుగదిలో ఎవరు నవ్వారో, ఎవరి చెంచా కిందపడిందో కూడా ఇక్కడికి తెలుస్తోంది.

డాక్టరమ్మ అడుగుతోంది, ఇల్లు బోసిగా అనిపించడం లేదా పిన్నిగారూ, ఆ గొంతు లేకుండా అని. ఆమె చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. తరవాత మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు ఆమె బ్యాండేజీ గుడ్డ తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేది. రోజూ రైల్లో వచ్చి రైల్లో వెళ్ళేది. ఆ తరవాతి కథ అందరికీ తెలిసిందే. బాబాయి కనీసం ఏడాదికోసారి చెప్పేవాడు. ఒకమ్మాయి ఫిర్యాదుల కిటికీ దగ్గరికొచ్చి, మా ఊరి పేరు తప్పు పలుకుతున్నారు, రెండో అక్షరం సాగదీయాలి అని నిలదీసిందనీ, తాను మర్యాదగా ఆమె చేతనే పలికించుకుని నేర్చుకున్నాననీ, ఆనాటి నుంచీ ఆ పేరు తప్పు పలకలేదనీ, ఆమెని వదల్లేదనీ.

"అదంతా నిజమే" అంది ఆమె. "ఒక్క సంగతే నిజం కాదు. ఆయన మొదట సరిగ్గానే పలికేవారు."

ముందుగదిలో చెంచాల చప్పుడు ఆగింది.

"ఆ గొంతు ఎవరిదో చూడాలనిపించింది. ఊరికే వెళ్ళి మొహం చూపించమంటే బాగోదు కదా. ఏదో ఒక తప్పు పట్టాలి. ఆయన పలికినదాంట్లో తప్పు దొరకలేదు. అందుకని నేనే ఒకటి కల్పించాను."

బాబాయి చేతి మీంచి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళకీ పిల్లలు పుట్టారు. రిటైరయ్యేదాకా ఆయన ఆ రెండో అక్షరాన్ని పొద్దునా సాయంత్రం సాగదీస్తూనే వచ్చాడు. పై అధికారి అడిగితే, ఆ ఊరివాళ్ళే చెప్పారండీ అని గట్టిగా వాదించాడు. కొత్తగా చేరినవాళ్ళకి అలాగే నేర్పాడు.

కుళాయి కట్టేసి, మాంసం గిన్నె పట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు. అందరూ ఆయనకేసి చూశారు. గిన్నె బల్ల మీద పెట్టి, దర్జీ వెతికిచ్చిన పలక అందుకుని, "నిజమా?" అని రాసి భార్యకి చూపించాడు.

"నిజమే" అంది ఆమె.

ఆయన తుడిచి, ఇంకోటి రాశాడు: "మరి ఇన్నేళ్ళూ ఆ ఊరి పేరు తప్పు చెప్పానా?"

మాస్టారు కల్పించుకుని, ఆ సందేహం అక్కర్లేదన్నాడు. తన బళ్ళోకి ఆ ఊరి పిల్లలు బోలెడంతమంది వస్తారట. ఇప్పుడు అందరూ సాగదీసే పలుకుతారట. పొట్టిగా పలికితే, మాస్టారూ తప్పు అని దిద్దుతారట.

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. డాక్టరమ్మ, బాబాయిగారూ నవ్వకండి, గొంతు ఇంకా మానలేదు, అని కంగారుపడింది. ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. లోపలి నవ్వు పోయే దారిలేక కళ్ళలోంచి వచ్చింది. ఆయన భార్య లేచి, ఆయన కట్టుకున్న ఏప్రన్ అంచుతోనే ఆ కళ్ళు తుడిచి, కాలిన వేలు చూసి, ఇదెప్పుడైంది అని కోప్పడి, వెన్న రాయబోయింది. డాక్టరమ్మ వెన్న వద్దంది. చల్లగా ఉన్న సోతెర్న్ సీసాకి వేలు ఆనించి కూర్చోబెట్టారు. అది చివరగా తాగాల్సిన తియ్యటి వైన్. పక్కన నీలిచారల జున్ను. ఆ జున్ను కంపు భరించలేక ముక్కు మూసుకున్నవాళ్ళే, ఆ తీపితో కలిపి నోట్లో పెట్టుకుని మళ్ళీ చెయ్యి చాపారు. బాబాయి తన సీసా తనే కాపలా కాస్తూ, పోసినప్పుడల్లా వేలు తీసి మళ్ళీ ఆనించుకున్నాడు. ఆ వైన్ గురించి ఆయన దగ్గర అర్ధగంట ఉపన్యాసం ఉంది. దాని సంగతి ఆయనకి గుర్తే రాలేదు.

కొన్ని వారాల తరవాత డాక్టరమ్మ మళ్ళీ అద్దం పెట్టి చూసి, ఇక మాట్లాడండి అంది. బయట బెంచీ మీద ఆయన భార్య కూర్చుని ఉంది. ఏం మాట్లాడతాడోనని డాక్టరమ్మ, నర్సు ఇద్దరూ చెవులొగ్గి నిలబడ్డారు. బాబాయి చాలాసేపు ఆలోచించి, "ఆకలేస్తోంది" అన్నాడు.

గొంతు వచ్చింది గానీ పాత గొంతు కాదు. కొంచెం గరుకుగా, కింది స్థాయిలో, దగ్గరికి జరిగితే తప్ప వినపడనంత. కూరల కొట్లో జనం సంచులు ఎత్తుకోవడం మానేశారు. దానికి ఆయన మొదట్లో కుమిలిపోయాడు. రేడియో కట్టేసి కూర్చునేవాడు. రెండుసార్లు స్టేషన్ దాకా వెళ్ళి, లోపలికి పోకుండానే తిరిగొచ్చాడు. తరవాత్తరవాత, దగ్గరికి జరిగి వినేవాళ్ళు ఇంకొంచెం శ్రద్ధగా వింటారని కనిపెట్టి, కథలు మళ్ళీ మొదలుపెట్టాడు. బస్సు కిటికీ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మాస్టారు "నేను అక్కడికి వెళ్ళినప్పుడు" అని ఎత్తుకుంటే, ఇప్పుడు, ఆ చెప్పు తమ్ముడూ అని ప్రోత్సహిస్తాడు.

క్లబ్బు ఇప్పటికీ ఆ బల్ల దగ్గరే చేరుతుంది. వంట వంతులవారీగా పంచుకున్నారు. దర్జీ చేసిన పుట్టగొడుగుల ఆమ్లెట్టుకి మంచి పేరొచ్చింది, డాక్టరమ్మ చేపకి రాలేదు. సీసాలు కొనే పని బాబాయి భార్య తీసుకుంది. ఆమె పుస్తకాలు చూడదు, పటం చూడదు. కొట్లో నడుస్తూ చీటీ మీద బొమ్మ నచ్చితే తీసి బుట్టలో వేస్తుంది. కోడిపుంజు బొమ్మ ఉన్నది ఒకసారి అమృతంలా ఉంది, పడవ బొమ్మ ఉన్నది కషాయంలా ఉంది. బాబాయి బుట్ట మోస్తూ వెనక నడుస్తాడు. ఒక్కోసారి ఆగి, ఇది అల్సాస్‌ది, పోయినసారి నచ్చిందన్నావు అని మెల్లగా అంటాడు. ఆమె వినపడనట్టు ముందుకు పోతుంది. కాస్త దూరం వెళ్ళాక వెనక్కొచ్చి, సరే వెయ్యండి అంటుంది.